చైత్రమాసపు నిందలు

వసంతమనగానే కవులకు చిగురుటాకులు, కోకిలలు, మలయమారుతము జ్ఞప్తికి వచ్చును. గృహస్థునకు జ్ఞప్తికి వచ్చునవి వేరు: సున్నము వేయవలసిన గోడలు, కొనవలసిన క్రొత్త కుండ, పిల్లల పరీక్షలు, ఎండబెట్టవలసిన వడియాలు, పెట్టవలసిన ఆవకాయ. చైత్ర వైశాఖములు రెండును వసంత ఋతువని పంచాంగము చెప్పుచున్నది. కాని తెలుగునాట వసంతమునకును గ్రీష్మమునకును నడుమ గోడ లేదు. మార్చి 20 ప్రాంతమున భూమధ్యరేఖపై నిలిచిన సూర్యుడు ఉత్తరమునకు జరిగి జరిగి మే మొదటి వారమునకే విజయవాడకు నడినెత్తిని నిలుచును. మరి మూడు నాలుగు దినములకు హైదరాబాదునకు వచ్చును. ఆనాటి మధ్యాహ్నము నిటారుగా నిలిపిన కఱ్ఱకు నీడ కనబడదు. కావున మన వసంతము తీరికగా పూలు చూచుకొను ఋతువు కాదు. రానున్న ఎండలకును, ఆ వెనుక వచ్చు వానలకును ఇల్లు సిద్ధపడు ఋతువు.

పని ఎక్కువైన ఇంట మాటయు ఎక్కువగును. ఈ రెండు మాసములలో మన ఇండ్లలో ఎన్ని చిన్న చిన్న నేరారోపణలు జరుగునో లెక్కించినచో నవ్వు వచ్చును. పండుగ తేదీ మారినదని పంచాంగమును, పచ్చడి చేదైనదని ఇల్లాలిని, నీరు చల్లబడలేదని కుమ్మరిని, గరగరలాడినదని రేడియోను, బూజు పట్టినదని కోడలి చేతిని నిందింతుము. ప్రతి నింద వెనుకను ఏదో యొక ప్రకృతి ధర్మము దాగియున్నది. ముద్దాయిలను ఒక్కొక్కరినే పిలిచి విచారించిన యెడల అసలు కారణము తేలును. వీనిలో పెక్కు నవ్వి విడువదగినవి. ఒకటి రెండు మాత్రము నవ్వి విడువరానివి.

మొదటి ముద్దాయి పంచాంగము. 2024లో ఏప్రిల్ 9న వచ్చిన ఉగాది, జీతము చేతికందిన పిమ్మట వచ్చిన మర్యాదగల పండుగ. 2025లో మార్చి 30న వచ్చినది నెలాఖరున చెప్పకుండ దిగిన చుట్టము. ఇంటి యజమాని ఖాళీ సంచి చేతబట్టుకొని, "పండుగకు ఒక తేదీ అంటూ ఉండనక్కరలేదా?" అని అడుగుటలో న్యాయము లేకపోలేదు. దర్జీ మాత్రము ఈ చిక్కులకు అతీతుడు. పండుగ ఏ తేదీన వచ్చినను అతడు బట్టలిచ్చునది మరునాడే.

తేదీ మారుటకు కారణము చంద్రుడు. ఒక అమావాస్య నుండి మరియొక అమావాస్యకు దాదాపు 29½ దినములు. అట్టి మాసములు పండ్రెండు కలిసినచో 354 దినములగును. సూర్యుని లెక్క 365¼ దినములు. కనుక ఉగాది ఏటేట సుమారు 11 దినములు ముందునకు వచ్చును. ఇట్లే విడిచినచో కొన్నేండ్లకు ఉగాది సంక్రాంతి చలిలో వచ్చి, వేపపువ్వును మామిడికాయను దొరకని పండుగ యగును. అందుచే సుమారు 32, 33 మాసములకొకసారి అధికమాసమును చేర్చి ఈ తప్పుకొలతను సవరింతురు. 19 సంవత్సరములలో ఇట్టి అధికమాసములు ఏడు. 2023లో ఉగాది మార్చి 22. ఆ యేడు శ్రావణము అధికమగుటచే 2024లో ఏప్రిల్ 9. మరల 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. 2026లో జ్యేష్ఠము అధికము కనుక 2027లో ఏప్రిల్ 7. ఈ వరుసను గోడపై వ్రాసి పెట్టుకొన్న గృహస్థునకు పంచాంగముపై కోపము తగ్గును. నెలాఖరు బెంగ మాత్రము తగ్గదు.

"పండుగ నేడా, రేపా?" అను మరియొక తగవు కలదు. ఎదురింటివారు తోరణము కట్టియుందురు. మనయింట ఇంకను చింతపండు నానలేదు. తిథి యనగా చంద్రుడు సూర్యుని కంటె 12 డిగ్రీలు ముందునకు సాగుటకు పట్టు కాలము. చంద్రుని నడక ఒక్క తీరుగ ఉండదు. అందుచే తిథి ఒకప్పుడు దాదాపు 19 గంటలకే ముగియును, ఒకప్పుడు దాదాపు 26 గంటల వరకు సాగును. అది పగలో, రాత్రియో, ఏ వేళనైన మొదలు కావచ్చును. సూర్యోదయ వేళకు ఉన్న తిథిని బట్టి ఉగాదిని నిర్ణయింతురు. గణితము చేయు పద్ధతులలో కొంచెము భేదమున్నను, తిథి సూర్యోదయమునకు అటో ఇటో పడి, రెండు ఇండ్లకు రెండు పండుగలగును. ఇందులో ఎవరి భక్తికిని లోపము లేదు.

రేడియో వినువారికి ఇంకొక సందేహము. ఆకాశవాణిలో శకసంవత్సరపు తేదీ వినబడునప్పుడు, కొన్ని యేండ్లలో ఉగాదికి ముందే "చైత్రము 1" అను మాట చెవిని పడును. ఒక యింట తాతగారు ఆ మాట విని, "మనకంటే ముందుగా రేడియోవారు పచ్చడి తినేశారే!" అనిరి. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము సూచించిన రాష్ట్రీయ పంచాంగము 1957 మార్చి 22 నుండి అమలులోనికి వచ్చెను. అది సూర్యుని అనుసరించునది. దానిలో చైత్రము మామూలు సంవత్సరమున మార్చి 22న, లీపు సంవత్సరమున మార్చి 21న మొదలగును. మన చైత్రము చంద్రుని అనుసరించునది. పేరు ఒక్కటే, నడక వేరు. 2024లో ఈ రెండు చైత్రములకును నడుమ 19 దినముల ఎడము ఉండెను. ఒకే పేరుగల ఇద్దరు పిల్లలున్న తరగతిలో హాజరు పిలిచినప్పుడు కలుగు తికమక వంటిదే యిది.

ఇక ఉగాదినాటి ముద్దాయి ఇల్లాలు. పచ్చడి మొదట రుచి చూచిన పెద్దలు మొగము చిట్లించి, "బెల్లము వేయుట మరచితివా?" అందురు. చివర తిన్న పిల్లలు "పాయసంలా ఉంది" అందురు. ఒకే గిన్నెలోని పచ్చడికి ఇన్ని తీర్పులెట్లు వచ్చెను? వేపపువ్వు తేలికైనది, పైకి తేలును. బెల్లపు పాకము బరువైనది, అడుగునకు దిగును. గరిటెను అడుగు ముట్టించి కలుపకుండ పైపైన వడ్డించిన యెడల, పెద్దరికమును బట్టి ముందు కూర్చున్నవారికి చేదు, చివర కూర్చున్నవారికి తీపి దక్కును. ఈ రహస్యమును కనిపెట్టిన పిల్లలు ఆనాడు మాత్రము ఎన్నడును లేని వినయముతో పంక్తి చివరను కూర్చుందురు.

పచ్చడిలోని వస్తువులను పరికించినచో అది ఆ మాసపు బజారు పట్టికయే యని తెలియును. చెఱకు గానుగలాడిన పిమ్మట వచ్చిన క్రొత్త బెల్లము, చెట్టు దులిపి గింజ తీసిన క్రొత్త చింతపండు, అప్పుడే పిందె ముదిరిన మామిడి, అప్పుడే విచ్చిన వేపపువ్వు. ఆరు రుచులు జీవితమునకు సంకేతములని పెద్దలు చెప్పుదురు, అది నిజమే. వానితోపాటు, ఆ యేడు ఏ పంట ఎట్లు వచ్చినదో ఇంటిల్లిపాదికి నాలుకపై తెలియజేయు లెక్కల పుస్తకము కూడ అదియే. పులుపు పలుచనైనదన్న లోపము చింతపండుది. ఆ నింద ఇల్లాలిది కాదు, అంగడివానిది.

నిందకు బదులు ఇంకొకరి మెప్పు పొందు ప్రాణి యొకటి కలదు: కోకిల. "కోకిలమ్మ పాడుచున్నది" అని మనము మురియుదుము. పాడుచున్నది అమ్మ కాదు, అయ్య. నల్లని మేను, ఎఱ్ఱని కన్నులు గల మగపక్షియే గొంతు హెచ్చించుచు "కూ, కూ" అని పిలుచును. ఆడపక్షి గోధుమవన్నె మేనిపై తెల్లని చుక్కలతో ఆకులలో దాగి, "కిక్ కిక్" అని మాత్రము పలుకును. అది శీతకాలమున ఏ దేశమునకో పోయి వసంతముతోపాటు తిరిగి వచ్చుననుటయు నిజము కాదు. మన చెట్లపైనే యుండును. జతకట్టు కాలము వచ్చువరకు నోరు విప్పదు, అంతే. గ్రుడ్లు కాకి గూటిలో పెట్టును. మగపక్షి కాకులను తనపైకి రెచ్చగొట్టి దూరముగా తీసికొనిపోవుచుండగా ఆడపక్షి గూటిలో దూరి పని ముగించుట పక్షులను గమనించువారు చూచియున్నారు. ఆ పిమ్మట పిల్లను మేపు భారమంతయు కాకిది. పాటకు మెప్పు ఒకరికి, చాకిరి మరియొకరికి. ఇట్టి యేర్పాటు పక్షులలోనే కాదు, కొన్ని సంసారములలోను కలదని శ్రోతలెఱుగుదురు.

తెల్లవారుజామున నాలుగు గంటలకే ఆ మగపక్షి మొదలుపెట్టిన యెడల, పరీక్షకు చదువుకొను పిల్లవాడు కిటికీలో నుండి దానిని వెక్కిరించును. అది మరియొక మగపక్షి పోటీకి వచ్చినదనుకొని ఇంకను హెచ్చు గొంతుతో బదులిచ్చును. వీడు మరల అనును. ఒక గంట గడచిన పిమ్మట గణితము పుస్తకము మొదటి పుటలోనే యుండును. ఆ గంట నష్టమునకు నింద కోకిలపై పడును.

తరువాతి ముద్దాయి కుమ్మరి. "ఈ యేడు కుండ మంచిది కాదు, నీళ్ళు చల్లబడుట లేదు" అను మాట వినబడని వీథి లేదు. అత్తమీది కోపము దుత్తమీద అన్నట్లు, ఎండమీది కోపము కుండమీద. మట్టికుండ గోడలో కంటికి కనబడని రంధ్రములు అనేకము. వానిగుండ నీరు చెమర్చి వెలుపలి పొడిగాలికి ఆవిరి యగును. ఒక్క గ్రాము నీరు ఆవిరియగుటకు దాదాపు 580 కెలోరీల వేడి కావలెను. ఆ వేడిని అది కుండలోని నీటినుండియే తీసికొనును. ఆ వేడి పోయినచో 58 గ్రాముల నీరు 10 డిగ్రీలు చల్లబడును. కొంచెము నీటిని ఖర్చుపెట్టి తక్కిన నీటిని చల్లార్చుటయే కుండ చేయు వ్యాపారము.

కావున కుండకు కావలసినవి రెండు: తెఱచిన రంధ్రములు, పొడిగాలి. కర్నూలు వియ్యంకుడును కాకినాడ వియ్యంకుడును కలిసిన చోట, "మా ఊరి కుండ నీళ్ళు పళ్ళు జివ్వుమనిపించును" అని కర్నూలువారు, "మా కుమ్మరికేమి తక్కువ?" అని కాకినాడవారు వాదింతురు. ఇద్దరు కుమ్మరులును నిపుణులే. కర్నూలు గాలి పొడిగాలి. నీరు త్వరగా ఆవిరి యగును. కాకినాడ గాలి సముద్రపు తేమతో నిండియుండును. కుండ చెమర్చును గాని చెమట ఆరదు. మనకు ఉక్కపోసిన దినమున కుండకును ఉక్కపోయును. అంతియే భేదము.

పాత కుండ రెండవ యేట చల్లబరచకపోవుటకును కారణము కలదు. నీటిలోని లవణములు, నాచు రంధ్రములలో చేరి వానిని మూసివేయును. ఏటేట క్రొత్త కుండ కొనుట కుమ్మరికి దానము కాదు, మనకవసరము. మేమెఱిగిన ఒక యింట అల్లుడుగారు వేసవికి వచ్చి, ఊరకుండలేక, క్రొత్త కుండకు నీలిరంగు వార్నిషు వేసి దానిపై పూలతీగెలు చిత్రించెను. కుండ మిక్కిలి ముచ్చటగా నుండెను. నీరు వేడిగా నుండెను. అల్లుని ఏమియు ననలేక, అత్తగారు ఆ సాయంకాలము కుమ్మరిని పిలిపించి అడిగిరి. కుమ్మరి కుండను చూచెను, అల్లుని చూచెను, "నా కుండకు ఊపిరి ఆడటం లేదమ్మా" అని మాత్రమనెను. అంతకు మించిన భౌతికశాస్త్ర పాఠము మేము వినలేదు.

ఊరిలో చలివేంద్రము పెట్టిన చోట ఇదియే ధర్మము ఇంకొక రూపమున తగవు పెట్టును. రాత్రి నిండుగా నింపిన కుండలు తెల్లవారుసరికి తగ్గియుండును. కావలివానిపై అనుమానము! పది కుండలలోని నీరు తగ్గినది గాలికి. కుండ చల్లగా నున్నదన్న మాట నిజమైనచో, నీరు తగ్గినదన్న మాటయు నిజము కావలసినదే. రెండును ఒక్క పనికే రెండు పేర్లు. చలివేంద్రము నడుపువారు కావలివానిని అడుగుటకు ముందు, కుండ క్రింది ఇసుకను, పైని తడిగుడ్డను చూచిన చాలును.

ఇపుడు రేడియో వంతు. చైత్ర వైశాఖములలో సాయంకాలము నాటకము మంచి పట్టున నున్నప్పుడు పెట్టె గరగరలాడును. ఇంటి పెద్ద లేచి దాని నెత్తిన ఒక్కటి చరచును. గరగర ఆగును. "చూచితిరా!" అని ఆయన కూర్చుండును. నిజమునకు ఆగినది మెఱుపు. మెఱుపు మెఱసిన ప్రతిసారి ఆకాశమున ఒక పెద్ద విద్యుత్ప్రవాహము నడచును; అది కాంతితోపాటు రేడియో తరంగములను కూడ వెదజల్లును. ఆ విధముగ ప్రతి మెఱుపును అనుమతి లేని ఒక ప్రసార కేంద్రమే. మీడియం వేవ్ ప్రసారములో ధ్వని తరంగపు ఎత్తుపల్లములపై ఆధారపడియుండును. మెఱుపు ఆ ఎత్తుపల్లములను చెదరగొట్టును, అదియే గరగర. ఎఫ్.ఎం. ప్రసారములో ధ్వని తరంగపు ఎత్తుపై గాక దాని కంపనముల సంఖ్యపై ఆధారపడును. అందుచే ఈ బాధ చాల తక్కువ. మన దేశమున ఎఫ్.ఎం. ప్రసారము 1977 జూలై 23న మద్రాసులో మొదలయ్యెను. అప్పటినుండి మంచి సంగీతమునకు మేలు జరిగినది గాని, పెట్టెను చరచి బాగుచేయువారి కీర్తికి కొంత లోపము కలిగినది.

ఈ గరగర వట్టి బాధ కాదు. రేడియో తరంగము సెకనునకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును. ధ్వని ఒక కిలోమీటరు పోవుటకే దాదాపు మూడు సెకనులు పట్టును. ఉరుము సాధారణముగా 20 కిలోమీటర్లు దాటి వినబడదు. నూరు కిలోమీటర్ల ఆవలి మెఱుపు సైతము మీడియం వేవ్ పెట్టెలో పలుకును. కనుక ఆకాశము తేటగా నున్నను పెట్టె మాటిమాటికి చిటపటలాడుచున్న యెడల ఎచటనో గాలివాన పుట్టినదని గ్రహింపవచ్చును. ఒక ముసలమ్మగారికి రేడియోలో వార్తలయందు ఆసక్తి లేదు, సంగీతమునందు లేదు. గరగరయందు మాత్రము కలదు. పెట్టె చిటపటమనగానే, "ఒసే, డాబా మీద వడియాలు తియ్యండే!" అని కేకవేయును. ఆ యింట వడియాలు తడిసిన దినము లేదు.

ఇచట నవ్వు ఆపి ఒక మాట చెప్పవలెను. వసంతపు గాలివానకు మామిడితోటలో కాయలు రాలును. రాలిన కాయ ఎవరికి దొరికిన వారిది. పిల్లలు సంచులతో పరుగెత్తుదురు, పెద్దలును పోవుదురు. అదే సమయమున పిడుగులు పడును. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 13 గంటల వ్యవధిలో 36,000కు పైగా పిడుగులు లెక్కకు వచ్చెను. పిడుగు ఎత్తైన దానిని వెదకును. తోటలో ఎత్తైనది చెట్టు, చెట్టు క్రింద నున్నవాడు బిడ్డ. ఉరుము వినబడినదన్న పిడుగు పడదగినంత దగ్గరలో నున్నామని అర్థము. అప్పుడు ఇంటిలోనికి రావలెను. చివరి ఉరుము విన్న పిమ్మట అరగంట వరకు బయటకు పోరాదు. డాబాపై తీగె ఏరియలు కట్టియున్న యెడల గాలివాన రాకముందే దానిని పెట్టెనుండి విడదీయవలెను. గాలివాన దినమున పిల్లలను ఇంట కట్టడి చేసిన తల్లిని "పిరికిది" అని నిందించుట కలదు. ఆ నింద మోయదగినది.

కడపటి ముద్దాయి కోడలు, విచారణ ఆవకాయ. బజారులో పులుపు పరీక్షతో ఈ కథ మొదలగును. అమ్మువాడు ఒక ముక్క కోసి ఇచ్చును. కొనువాడు కొఱికి, ఒక కన్ను మూసి, భుజములు ఎగురవేసి, మాట రాక చేతితో "చాలును" అని సైగ చేయును. ఆ మొగమే ఆ బుట్టకు యోగ్యతాపత్రము. టెంక ముదిరిన కాయను టెంకతో సహా ముక్కలు కొట్టించి, లోపలి జీడిని, దాని పొరను తీసి, పొడిగుడ్డతో తుడిచి, ఆవపిండి, కారము, ఉప్పు కలిపి, నువ్వులనూనె పోసి జాడీకి ఎత్తుదురు. ఇంటింటికి కొలతలో కొంచెము భేదమున్నను ముక్కలు నాలుగైన తక్కినవి ఒక్కొక్కటిగా వేయుట పలు ఇండ్లలో వాడుక.

ఇందులో ప్రతి వస్తువునకును ఒక ఉద్యోగము కలదు. ఉప్పు ముక్కలోని నీటిని వెలుపలికి లాగి, క్రిములకు ఆ నీరు అందకుండ చేయును. మామిడి పులుపు ఆమ్లము. చాల క్రిములు దానిలో బ్రతుకజాలవు. ఆవపిండి పొడిగా నున్నంతసేపు సాధువు. తడి తగిలిన పిమ్మట దానిలో రెండు పదార్థములు కలిసి ఆ ముక్కునకెక్కు ఘాటు పుట్టును. ఆ ఘాటు బూజునకు గిట్టదు. నూనె పైన నిలిచి గాలిని అడ్డును. జాడీకున్న మెఱుగు పూత పులుపునకును ఉప్పునకును లొంగదు. మూడవనాడు తిరుగ కలుపుట, అడుగున నిలిచిన ఊటను ఉప్పును అన్ని ముక్కలకు సమముగా పంచుటకు. మొదటినాడే వ్రేలితో అంటించుకొని, "ఘాటు లేదే, ఇంకొంచెము ఆవపిండి పడవలసినది" అని తీర్పు చెప్పు మగవారి మాట వినరాదు. వినిన యెడల నాలుగవనాడు ఆ తీర్పు చెప్పినవారి కన్నులనుండియే నీరు కారును.

ఆవకాయ ఒక సంవత్సరపు భోజనము. కూర లేని నాడు, చుట్టము వచ్చిన నాడు, జ్వరము తగ్గి నోరు చచ్చిన నాడు జాడీయే దిక్కు. అందుచే శ్రావణములో మూత తీయగా తెల్లని బూజు కనబడిన యెడల అది చిన్న నష్టము కాదు. అప్పుడే ఇంట ఆ మాట పుట్టును: "ఎవరి చేయి పడినదో!" మంచి చేయి, చెడ్డ చేయి యను విభాగము చేసి, క్రొత్తగా వచ్చిన కోడలిని జాడీకి దూరముగా నుంచుదురు. నెలలో ఆ మూడు నాళ్ళు జాడీవంక చూడరాదని కొన్ని ఇండ్లలో నియమము. ఆ నాళ్ళలో ఎవరో తాకియుందురని అనుమానము. ఆమె జవాబు చెప్పజాలదు. చేతికి నిరూపణ లేదు కదా!

విచారణ జరిపిన యెడల దోషి వేరుగా తేలును. బూజు విత్తనములు గాలిలో అన్ని చోటుల కలవు. ఎవరి చేతినుండియు పుట్టవలసిన పని లేదు. వానికి కావలసినవి రెండే, తడియు గాలియు. ముక్కలను సరిగా తుడువకపోయిన తడి మిగులును. పొదుపునకని ఉప్పు తగ్గించిన ఊట నీరు స్వేచ్ఛగా నుండును. నూనె ధర చూచి పైపైన పోసిన ముక్కలు గాలికి తేలును. మధ్యాహ్నము భోజనమునకు కూర్చున్న యజమాని, గరిటె దగ్గర లేక, అన్నము అంటిన తడిచేతితో జాడీలో ముక్క తీసికొనిన, ఆ ఒక్క చేయియే చాలును. ఆ చేయి స్త్రీదైనను పురుషునిదైనను, ఏ దినపుదైనను, పొడిగా నున్నచో నిర్దోషి. తడిగా నున్నచో దోషి. మన పెద్దలు మడిబట్ట, పొడిగుడ్డ, వేరు గరిటె అని పెట్టిన నియమములలో పొడితనమును కాపాడునవి నిలుపుకొనదగినవి. మనిషిని దూరము పెట్టు నియమము జాడీని కాపాడలేదు. ఒక మనిషిని మాత్రము బాధించినది.

అందుచే మా సలహా స్వల్పము. పెద్ద జాడీని నూనె తేలునట్లు నింపి, వాసెన కట్టి అటకపై నుంచవలెను. వారమునకు సరిపడునంత చిన్న జాడీలోనికి పొడి గరిటెతో తీసికొనవలెను. తడిచేయి పడినను చిన్న జాడీయే పోవును గాని సంవత్సరపు సంపద పోదు. ఆ పని చేయు భారమును ఇంట అందరికంటె ఎక్కువ నింద మోసిన చేతికే అప్పగించుట మంచిది. ఆషాఢము, శ్రావణము గడచి జాడీ నిలిచినచో ఆ చేతిపైనున్న అపవాదు కూడ తొలగును.

చైత్రము పనుల మాసము గనుక నిందల మాసమును అయినది. పంచాంగము, గరిటె, కుండ, పెట్టె నోరులేనివి. ఎంత నిందించినను పడియుండును, మనకును నవ్వుకొనుటకు వీలగును. నోరుండియు మాటాడలేనివారిపై పడు నింద మాత్రము నవ్వుకొనదగినది కాదు. ఈ యేడు జాడీ మూత తీయునప్పుడు ఏదైన కనబడిన యెడల, "ఎవరు?" అని అడుగుటకు ముందు "తడి ఎచ్చటిది?" అని అడుగుదము. జవాబు దొరకుటయు సులభము, ఆ పూట భోజనము చేయుటయు సులభము.